సగం బట్ట

గిరిప్రసాద్ చెప్పులతోనే పందిట్లోకి వచ్చాడు. గోనెపట్టా మీద కరక్కాయ పొడి ఆరబోసి ఉంది. కోమలి "సార్, సార్" అనేలోపే దాని మీద అడుగు పడింది. ఆయన కిందికి చూసి, చెప్పు దులుపుకుని, పక్కకు జరిగాడు. అలివేలమ్మ ఆ చెప్పు గుర్తును అరచేత్తో చదును చేసి లేచి నిలబడింది.

"ఇంకేమన్నా మిగిలిందా అమ్మా? చిన్నదైనా పర్వాలేదు," అన్నాడు.

అలివేలమ్మ మొగుడు, బట్టల మీద బొమ్మలు వేసే గోవిందస్వామి పోయింది పోయిన నెలే. శ్రీకాళహస్తి ఏటిపక్క వీధిలో ఆ ఇంటి ముందు వేసిన టెంటు గుంతలు ఇంకా పూడలేదు. బతికి ఉన్నప్పుడు ఏడాదికోసారి కూడా రాని గిరిప్రసాద్, పోయినాక రావడం ఇది మూడోసారి. తిరుపతిలో ఆయనకొక ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఈ చుట్టుపక్కల బొమ్మలు వేసేవాళ్లను పట్టుకుని విదేశాల్లో అమ్మిపెడతాడు. డిగ్రీ అయినాక వాళ్ల కూతురు కోమలి అక్కడే పనిలో చేరింది. వచ్చినవాళ్లకు నీళ్లిచ్చి, బొమ్మల గురించి ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పడం ఆమె పని.

అలివేలమ్మ ట్రంకుపెట్టె తీసి, చుట్టిపెట్టిన బట్ట ఒకటి తెచ్చి నేల మీద పరిచింది. మనిషి నిలువంత పొడుగు. పాలలో, కరక్కాయ నీళ్లలో తడిపి ఆరేసిన లేత పసుపు. దాని మీద కసిం గీత. ఇనుప ముక్కలూ బెల్లమూ కలిపి కుండలో మురగబెట్టిన నీళ్లను కసిం అంటారు. ఆ నీళ్లు కరక్కాయ బట్టకు తగిలీ తగలగానే నల్లబడతాయి. నడిమధ్య ఒక పెద్ద ఆడమనిషి రెండు చేతులూ చాపి తడి బట్టను పట్టుకుని ఉంది. ఆమె కాళ్ల దగ్గర ఏరు. ఏట్లో నీళ్లు లేవు. ఒకవైపు గుడ్డలుతికే ఆడవాళ్లు, ఇంకోవైపు ఇసుక లారీలు, జేసీబీ. జేసీబీకి కూడా దేవుళ్లకు పెట్టినట్టే పెద్ద పెద్ద కళ్లు పెట్టి ఉన్నాయి.

గిరిప్రసాద్ గొంతుకూర్చున్నాడు. బట్టను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"ఈ గీత చూడు కోమలీ," అన్నాడు చివరికి. "మీ నాన్న పాత బొమ్మల్లో ఇది లేదు. అవన్నీ సాంప్రదాయం. జాగ్రత్తగా గీసినవి. ఇది సమకాలీనం. చావు దగ్గరికొచ్చిన మనిషి ఇంక దేనికీ భయపడడు. ఆ తెగువ ఈ గీతలో ఉంది."

కోమలి కళ్లు తుడుచుకుంది. అలివేలమ్మ తన బొటనవేలి గోటిలో ఇరుక్కున్న నలుపును ఇంకో గోటితో గీకుతూ నిలబడింది.

"ఇంకా రంగు పడలా సామీ," అంది. "పటిక పూయాల. ఉడకబెట్టాల. చానా పని ఉండాది."

"వద్దు. ఇట్లాగే ఉంచండి. ముట్టుకోవద్దు." ఫోను తీసి అటునుంచి, ఇటునుంచి ఫొటోలు కొట్టాడు. "ముందు తిరుపతిలో పెడతాం. తర్వాత జర్మనీ. కోమలి కూడా వస్తుంది, ఆర్టిస్టు కూతురుగా. వచ్చే వారం వ్యాను పంపిస్తాను."

ఆయన లేచి వాకిలి దాటేలోపు అలివేలమ్మ అడిగింది. అడగడానికి ఆమెకు ఇన్నేళ్లు పట్టింది.

"పేరు ఎట్ట యేస్తారు సామీ?"

"పేరా?"

"బొమ్మ కింద అట్ట ముక్క పెడతారే. బెంగళూరులో పెట్టినారని కోమలి ఫొటో సూపించింది. దాంట్లో ఆయన పేరే ఉండాది. రంగులన్నీ నేనే కదా పూసింది. ఈ బట్టకన్నా నా పేరు కూడా యేస్తారా?"

గిరిప్రసాద్ చూపు బట్ట మీదే ఉంది. ఆ బట్ట కోసం ఆయన ఏమడిగినా ఇచ్చేట్టున్నాడు. "వేస్తాం. గోవిందస్వామి, అలివేలమ్మ. ఇద్దరి పేర్లూ వేస్తాం. సరేనా?"

కారు పోయింది. అలివేలమ్మ బట్ట దగ్గరే కూర్చుంది. గోవిందస్వామి, అలివేలమ్మ. రెండు పేర్లనూ లోపల్లోపల చదువుకుంది. కోమలి పుట్టినప్పుడు ఆసుపత్రి చీటీ మీద తప్ప ఆ రెండు పేర్లూ పక్కపక్కన ఉండడం ఆమె ఎక్కడా చూడలేదు.

అయితే ఒకటి. లోకానికి తెలిసినంతలో గీత గోవిందస్వామిది, రంగు ఆమెది. రంగే లేని బట్ట కింద ఆమె పేరు దేనికుంటుంది? రేపు ఎవడో వచ్చి ఈ అలివేలమ్మ ఏం చేసింది అని అడిగితే, ఆ పెద్దమనిషి ఏం చూపిస్తాడు? పైగా అద్దకం పని చేసే ఏ ఇంట్లోనైనా సగం బట్టను గడప దాటించరు. దాటిస్తే ఆ ఇంట్లో కలం ఆగిపోయిందని ఊరికి చెప్పినట్టే. ముట్టుకోవద్దంటే, వాళ్లూ వీళ్లూ చెయ్యి వేసి మాపకుండా చూసుకోమని. అంతే కదా. ఆమె అట్లాగే అనుకుంది. పటిక గిన్నె తెచ్చుకుంది.

*

పటిక నీళ్లకు రంగుండదు. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని రెండు వేళ్లతో మెల్లగా నొక్కితే, మొన నుంచి దిగుతుంది. ఎక్కడెక్కడ ఎరుపు రావాలో అక్కడంతా గీత దాటకుండా పూయాలి. తడి ఉన్నంతసేపే ఆ చోటు మెరుస్తుంది. ఆరితే బట్ట మామూలు బట్టే. పూసిన మనిషికి తప్ప ఎక్కడ పూసిందీ ఇంకొకరికి తెలీదు. చిరివేరు, మంజిష్ఠ వేసి మసలకాచిన నీళ్లలో వేస్తే అప్పుడు లేస్తుంది ఎరుపు, పటిక ఉన్న చోట మాత్రమే.

నడిమధ్య ఆడమనిషి చీరకంతా పటిక పూసింది. కింద గుడ్డలుతికేవాళ్ల రవికలకు పూసింది. జేసీబీ పళ్లకు కూడా పూసి, కాస్త ఆగి, తనలో తాను నవ్వుకుంది.

ఏట్లో నీళ్లు లేవు కాబట్టి బట్టను జాడించడానికి మామిడితోట బోరు దగ్గరికి పోవాలి. పక్కింటి తాయమ్మ తోడొచ్చింది. ఆమెదీ ఇదే పని, ఈ వీధిలో ఎవరి బట్టలైనా జాడించి, ఉడకబెట్టి ఇస్తుంది. తొట్లో మోకాలి లోతు నీళ్లలో ఇద్దరూ చెరో కొస పట్టుకుని బట్టను అటూ ఇటూ ఆడించారు. పిండకూడదు, మడవకూడదు. ఎక్కువైన పటిక నీళ్లలో పోవాలి, గీత కదలకూడదు.

"ఈ ఏరు ఉన్నప్పుడు ఇంత యాతన ఉన్నిందా," అంది తాయమ్మ. "బట్టను ఇడిస్తే అదే ఈదులాడేది. ఇప్పుడు తోటాయప్పకు దండం పెట్టి బోరేయించుకోవాల."

"ఆ ఏరునే బొమ్మ చేసినామే."

"బొమ్మ చేస్తే నీళ్లొస్తాయా? లారీవాడు కూడా సూసి, నా లారీ బాగుండాదే అని పోతాడు."

మరుసటి రోజు పెరట్లో రాగి అండా పొయ్యి మీదికెక్కింది. నీళ్లు మసులుతుంటే చిరివేరు వాసన వీధంతా కమ్మింది. తాయమ్మ కట్టెతో బట్టను తిప్పుతూ ఉంది. లేతపసుపులోంచి మొదట గులాబీ, తర్వాత ఇటుక రంగు, ఆ తర్వాత నిజమైన ఎరుపు. నడిమధ్య ఆడమనిషి చీర నీళ్లలోంచి పైకి లేచింది.

"ఎవురిది? లావుగా ఉండాదే," అంది తాయమ్మ.

"నువ్వే."

"నా నడుం ఇంత లావా?"

"ఇంకా తగ్గించి గీసినా."

తాయమ్మ చేతిలో కట్టె ఆగిపోయింది. "గీసినావా? నువ్వా?"

"తిప్పు. అడుగంటుతాది."

తాయమ్మ తిప్పింది. చివరి ఏళ్లలో గోవిందస్వామి టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే పడేది. ఆ చేత్తో కలం పట్టి గీత గీశాడంటే నమ్మడానికి తిరుపతి పెద్దమనుషులు కావాలి గానీ, పక్కింటి మనిషి దేనికి నమ్ముతుంది?

"కోమలికి తెలుసా?" అంది కాసేపటికి.

"లేదు. ఆయప్ప చెప్పొద్దన్నాడు. కూతురి ముందర చెయ్యి పోయినోడిలాగా ఉండలేనన్నాడు. తలుపేసుకొని గీసేదాన్ని. ఆయప్ప పక్కన కూసోని సూసేటోడు."

"ఏమనేటోడు?"

అలివేలమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది. "ఏమీ అనేటోడు కాదు. కండ్లు పెట్టేటప్పుడు మటుకు లేచి బయటికి పొయ్యేటోడు."

ఆ తర్వాత అలివేలమ్మ బట్టను పేడనీళ్లలో నానబెట్టింది. ఎండలో పరిచి, ఆరకుండా నీళ్లు చల్లుతూ బొమ్మ వెనకున్న పసుపు నేలను తెల్లగా తీసింది. మళ్లీ గేదెపాలలో ముంచి ఆరేసింది. ఏటి ఇసుకకు పసుపు. లారీలకు నీలిమందు. గట్టు మీద మిగిలిన నాలుగు తుమ్మచెట్లకు నీలం మీద పసుపు వేసి పచ్చ. నడుము విరిగిపోయింది. పని అయ్యేసరికి వ్యాను రావడానికి ఒక పూటే మిగిలింది. బట్టను దండెం మీద వేసి, పందిరి గుంజకు ఆనుకుని చూసింది. తన పేరు వేసుకోదగ్గ బట్టే. ఆమెకు ఏ అనుమానమూ లేదు.

వ్యాను డ్రైవరు చుట్టిన బట్టను తీసుకుని, విప్పకుండానే వెనక పడేసుకుని పోయాడు.

*

మరుసటి పొద్దున కోమలి ఫోను చేసింది. "అమ్మా, రా. సార్ రమ్మంటా ఉండాడు."

"దేనికే?"

"రా అంటే రా."

గ్యాలరీ రెండో అంతస్తులో ఉంది. తెల్లగోడలు, ఏసీ చలి. అలివేలమ్మ మెట్ల దగ్గరే చెప్పులు విడిచింది. గోడల నిండా ఎవరెవరి బొమ్మలో ఉన్నాయి. ఒక గోడ మటుకు ఖాళీ. దాని పైన లైటు వేసే ఉంది. లోపలి గదిలో బల్ల మీద ఆమె బట్ట పరిచి ఉంది. గిరిప్రసాద్ దాని తలాపున కూర్చుని ఉన్నాడు. కోమలి గోడకానుకుని నిలబడి ఉంది. ఏడ్చినట్టుంది.

"ముట్టుకోవద్దన్నాను కదమ్మా," అన్నాడు. గొంతు పెంచలేదు.

"రంగు లేదు కదా సామీ..."

"ఫొటో ఆరోజే జర్మనీలో కొనే ఆయనకు పంపించాను. ఆయన ఆ ఫొటో చూసే కొన్నాడు. సగంలో ఆగిపోయింది చూడండి, అది కొన్నాడు. మనిషి పోయాడు, బొమ్మ ఆగిపోయింది, ఆ ఖాళీ ఉంది చూడండి. ఆ ఖాళీకే విలువ." బట్ట మీద చెయ్యి ఆడించాడు. "ఇప్పుడిది ఏముంది? రోడ్డు పక్క ఎంపోరియంలో వేలాడేసే గుడ్డ."

అలివేలమ్మకు ఆ మాట అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. పెళ్లయినకాడినుంచి ఆమె పూసిన రంగులన్నీ ఆ ఒక్క మాట కింద పోయాయి.

"దీన్ని తీసెయ్యడానికి అవుతుందా? రంగుని?"

"ఉడికిన ఎరుపు పోదు సామీ. గుడ్డ చినిగినా పోదు."

"ఒక గొప్ప కళాకారుడి చివరి గీతను పూడ్చిపెట్టేశారు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. జాలిగా అన్నాడు. ఆ జాలే ఆమెను తన్నింది.

"ఆ గీత ఆయప్పది కాదు," అంది. "నాది."

గిరిప్రసాద్ బట్ట మీది నుంచి తల ఎత్తి ఆమెను చూశాడు.

"ఆయప్ప చెయ్యి వణకడం మొదలైనాక గీతంతా నాదే. మీరు బెంగళూరులో పెట్టిన గంగమ్మ వేషాల బట్ట, అది నాదే. ఆ లారీల ఊహ నాదే. ఆయప్ప సంతకం మటుకు పెట్టేటోడు. దానికి కూడా మణికట్టు నేనే పట్టుకొనేదాన్ని."

"అమ్మా," అంది కోమలి. "పోయిన మనిషి మీద ఎట్టా చెప్తావమ్మా ఇట్టా?"

"పోయినోడి మీద యాడ చెప్పినా? నా మీదనే చెప్పుకుంటా ఉండా."

గిరిప్రసాద్ లేచి తలుపు వేశాడు. వచ్చి మళ్లీ బట్ట వైపు వంగాడు. ఎరుపు కిందున్న నల్ల గీతను వేలితో తాకకుండా, దాని వెంబడి వేలిని నడిపించాడు. జేసీబీ కళ్ల దగ్గర ఆగాడు. ఆయనకు కళ్లున్నాయి. ఆ సంగతి కాదనడానికి లేదు. ఆయన నమ్మాడు. నమ్మినాక ఆయన ముఖంలో సిగ్గు వస్తుందని అలివేలమ్మ ఎదురుచూసింది. రాలేదు. లెక్క వచ్చింది.

"ఈ మాట ఇంకెవరికి తెలుసు?"

"పక్కింటి తాయమ్మకు."

"ఆమెతో ఆగిపోవాలి. ఈ గోల బయటికొస్తే గోవిందస్వామి పేరు మిగలదు. ఆయన పాత బొమ్మలు కూడా అనుమానం కిందికి వస్తాయి. కొన్నవాళ్లంతా వెనక్కి ఇచ్చేస్తారు. మీ ఆయన దొంగ అంటారు." కోమలి వైపు చూశాడు. "ఈ అమ్మాయి ప్రయాణం కూడా ఉండదు."

తర్వాత గొంతు మార్చాడు. "అమ్మా, ఫొటోలో ఉన్నట్టే మళ్లీ గీయగలరా మీరు?"

ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అలివేలమ్మకు సంతోషమైంది. నువ్వు గీయగలవా అని ఆమెను అడిగిన మొదటి మనిషి ఇతనే. మొగుడు కూడా అడగలేదు, మొదటి రోజు కలం చేతిలో పెట్టి గోడ వైపు తిరిగాడు. ఆ సంతోషంలోనే తల ఊపింది. ఊపినాక తెలిసింది దేనికి ఊపిందో.

"గీత వరకే. రంగు ఒక్క చుక్క వద్దు. ఆదివారం ఎగ్జిబిషన్ మొదలు. ఆలోపల కావాలి."

"పేరు?" అంది.

"పేరు ముందు చెప్పినట్టే. ఇద్దరిదీ." బట్టను చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది మటుకు ఎవరి కంటా పడకూడదు. కాల్చేయండి."

బస్సులో కోమలి పక్కనే కూర్చుంది గానీ కిటికీలోంచే చూసింది. ఏర్పేడు దాటినాక అంది, "నువ్వు ఆ మాట అనకుండా ఉండాల్సింది."

"అబద్ధమా?"

"నిజమే కానీ. ఇప్పుడు నేను నాయన బొమ్మల ముందర నిలబడి ఏం చెప్పాల? పొద్దస్తమానం అందరికీ చెప్పేది అదే కదా నేను. మా నాయన చెయ్యి ఇట్టా కదిలేది, అట్టా కదిలేది అని."

"నా చెయ్యి సూడలేదా నువ్వు?"

"నీ చెయ్యి వంటింట్లో సూసినా." మెల్లగా అంది. "జర్మనీకి గోవిందస్వామి కూతురిగా పిలిచినారమ్మా. నీ కూతురిగా ఎవురు పిలుస్తారు?"

అలివేలమ్మ చుట్టిన బట్టను ఒళ్లో ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. టికెట్లు ఇచ్చే మనిషి వచ్చి, ఆ మూట కింద పెట్టమ్మా, ఇంకొకరు కూర్చుంటారు అన్నాడు. కింద పెట్టింది.

*

కాల్చడానికి చేతులు రాలేదు. గీసే పీట మీద మెత్తగా ఉండడానికి పాత దుప్పటి ఒకటి పరిచి ఉండేది. అది తీసేసి, ఆ ఎర్ర బట్టను నాలుగు మడతలు వేసి పీట మీద పరిచింది. దాని పైన కొత్త బట్ట. ఇంక అది ఎవరి కంటా పడదు.

తన గీతను తానే చూసి గీయడం ఎంత కష్టమో ఆమెకు అంతవరకు తెలీదు. కోమలి సెలవు పెట్టి, ఫోనులో ఫొటో పెద్దది చేసి పక్కన పట్టుకుని కూర్చుంది. చింతబొగ్గుతో మొదట తేలిక గీత. తర్వాత కసిం కలం. మొదటి బట్టలో ఆ చెయ్యి ఎటు పోవాలంటే అటు పోయింది. ఇప్పుడు పోయిన చోటికే పోవాలి.

"కొంగు ఇంకా పైకుండాది ఫొటోలో," అంది కోమలి.

"ఇట్టుంటేనే బాగుంటాది."

"బాగుండడం కాదు, అట్టే ఉండాల."

కొంగు పైకి పోయింది. కసిం ఒకచోట ఎక్కువ దిగి, కొత్త బట్ట దాటి కింది ఎర్ర బట్టకు అంటింది. అలివేలమ్మ చూసింది. చూసి, కలం మళ్లీ ముంచింది.

తాయమ్మ వాకిట్లోకి వచ్చి నిలబడింది. "మళ్లీ అదే గీస్తా ఉండావా? ఎవురన్నా అడిగినారా?"

"అడిగినారు."

"మంచిదే కదా. మొగం ఏందట్టా ఉండాది?"

అలివేలమ్మ కలాన్ని కసింలో ముంచింది. కోమలి ఫోను బోర్లించి, "అమ్మకు తలనొప్పి అత్తా," అంది. తాయమ్మ ఇద్దరి వైపూ చూసి, "నాకేం చెప్పొద్దులే అబ్బా, మీ ఇంటి గుట్టు మీది," అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

శనివారం మధ్యాహ్నానికి గీత అయిపోయింది. కోమలి ఫోనును బట్టను మార్చి మార్చి చూసి, "అచ్చం అట్టే ఉండాది," అంది. ఆ మాటలో తెలీకుండా కొంచెం మెచ్చుకోలు ఉంది. తర్వాత జర్మనీకి స్వెట్టరు చూసుకొస్తానని బజారుకు పోయింది.

ఇల్లు ఖాళీ. వ్యాను రావడానికి ఇంకా టైముంది. అలివేలమ్మ బట్ట ముందు ఊరికే కూర్చుంది. లేత పసుపు, నల్ల గీత. చీర చుట్టూ గీత ఉంది, చీర లేదు. రవికల చుట్టూ గీత ఉంది, రవికలు లేవు. సగం ముగ్గేసి లేచిపోయినట్టుంది. పచ్చి అన్నం ఇస్తరాకులో వడ్డించినట్టుంది. రేపు దీని ముందర జనం నిలబడి ఆహా అంటారు.

లేచి వంటింట్లోకి పోయింది. డబ్బాలోంచి పటిక గడ్డ తీసి చితక్కొట్టి నీళ్లలో కరిగించింది. ఉన్ని మార్చిన కలం తీసుకుని వచ్చి కూర్చుంది.

ముందు చీర. కుచ్చిళ్ల లోపలికి, గీత దాటకుండా. కొంగు దగ్గర తిప్పి, అంచు వదిలి. తర్వాత రవికలు, ఒక్కొక్కటిగా. తొందరపడలేదు. ఎప్పుడూ పూసినంత ఓపికగానే పూసింది. ఇంకా ఎక్కువ ఓపికగా పూసింది. జేసీబీ పళ్లు కూడా వదల్లేదు. తడి తడిగా చీరంతా మెరిసింది. ఫ్యాను కింద ఒక పక్కనుంచి ఆరుతూ వచ్చింది. కొంగు ముందు పోయింది. తర్వాత భుజం. తర్వాత కుచ్చిళ్లు. చివరికి ఏమీ లేదు. లేత పసుపు బట్ట, నల్ల గీత.

కోమలి వచ్చేసరికి ఆమె కలం కడుగుతూ ఉంది.

"ఏం చేస్తా ఉండావమ్మా?"

"ఏం లేదు."

కోమలి బట్ట దగ్గరికి పోయి వంగి చూసింది. ఏమీ లేదు. స్వెట్టరు తీసి చూపించింది. నీలం రంగు.

*

ఆదివారం సాయంత్రం గ్యాలరీ నిండిపోయింది. కాలేజీ మాస్టర్లు, డాక్టర్లు, చెన్నై నుంచి వచ్చిన మనుషులు ఇద్దరు. ఖాళీగా ఉన్న గోడ ఇప్పుడు ఖాళీగా లేదు. సగం బట్టను అద్దాల ఫ్రేములో బిగించారు. పైన లైటు. పక్కన పూలదండ వేసిన గోవిందస్వామి ఫొటో. కోమలి పట్టుచీర కట్టుకుని ఆ ఫ్రేము పక్కన నిలబడి, మా నాయన చెయ్యి ఇట్టా కదిలేది అని చూపిస్తూ ఉంది. చూపించేటప్పుడు తల్లి వైపు చూడలేదు.

అలివేలమ్మ జనం సందుల్లోంచి ముందుకు పోయి, ఫ్రేము కింది అట్ట ముక్క చదివింది. తెలుగు ఒక వరస, ఇంగ్లీషు ఒక వరస.

గోవిందస్వామి. అసంపూర్ణం.

అటు తిప్పితే ఇంకేమన్నా ఉంటుందేమో అన్నట్టు అట్ట అంచు పట్టుకుంది. అతికించి ఉంది.

గిరిప్రసాద్ చెన్నైవాళ్లకు చెప్తున్నాడు. "ఈ ఖాళీ చూడండి. చావు వచ్చి చెయ్యి పట్టుకుని ఆపిన చోటు ఇది. ఇక్కడ రంగు లేదు. ఇక్కడ ఉన్నది లేకపోవడం." చెన్నైవాళ్లు తలలూపారు. వాళ్లు పక్క బొమ్మకు జరిగినాక అలివేలమ్మ ఆయన దగ్గరికి పోయింది.

"ఇద్దరి పేర్లూ అన్నారు సామీ."

ఆయన చుట్టూ చూసుకున్నాడు. నవ్వు ముఖం మీదే ఉంది, గొంతు మటుకు తగ్గించాడు.

"అన్నాను. మీరు రంగు పూస్తారు కాబట్టి అన్నాను. ఇందులో రంగు లేదు కదమ్మా. గీత ఆయనదని రాశాక, మీదని చెప్పుకోవడానికి ఇందులో మీ పని ఏముంది? రేపు ఎవరైనా అడిగితే నేనేం చూపించాలి?"

సరిగ్గా ఆ ప్రశ్నే. పందిట్లో కూర్చుని ఆరోజు ఆమె వేసుకున్న ప్రశ్నే తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"ఉండాది," అంది.

"యాడ?" అన్నాడు, ఆమె యాసలోనే, చిన్నపిల్లను అడిగినట్టు.

అలివేలమ్మ చెయ్యి ఎత్తి ఫ్రేము వైపు చూపించింది. నడిమధ్య ఆడమనిషి చీర వైపు, ఆమె చుట్టూ ఉన్న రవికల వైపు. గిరిప్రసాద్ నిజంగానే చూశాడు. దగ్గరికి పోయి, అద్దానికి ముక్కు తగిలేంతగా వంగి చూశాడు. అద్దంలో లైటు ఉంది. ఆయన ముఖమే ఉంది. వెనక లేత పసుపు బట్ట, నల్ల గీత.

"ఏమీ లేదే అమ్మా," అన్నాడు. ఈసారి వెక్కిరింపు కూడా లేదు. ఆమె భుజం తట్టి, "ఇంకో నాలుగు సగం బట్టలు దొరికాయని చెన్నైవాళ్లకు చెప్పాను. నెల లోపల చూడండి," అని వచ్చినవాళ్ల వైపు పోయాడు.

కోమలి పళ్లెంలో కూల్‌డ్రింకు గ్లాసు పట్టుకుని వచ్చింది. "తాగమ్మా. చానాసేపుగా నిలబడి ఉండావు."

అలివేలమ్మ గ్లాసు తీసుకుంది. ఆ బట్టను ఒక్కసారి చిరివేరు నీళ్లలో వేస్తే చాలు, గదంతా ఎర్రబడుతుంది. కానీ అద్దాలు బిగించేశారు. రేపోమాపో పెట్టెలో పెట్టి విమానం ఎక్కిస్తారు. పొయ్యి లేని దేశంలో, వేడి తగలని గోడకు దాన్ని తగిలిస్తారు. దాన్ని ఎవరూ ఉడకబెట్టరు.